లేబుల్ కత్తిరించిన టీషర్టు

టోక్యోలో ఒక హోటల్ గది. వయసు మళ్లుతున్న అమెరికన్ నటుడు బాబ్ రాత్రి బయటికి తిరగడానికి తయారై వస్తాడు. ఒంటి మీద నారింజ రంగులో మిలిటరీ మచ్చల టీషర్టు. అతని కోసం వచ్చిన షార్లెట్ అనే అమ్మాయి ఆ వాలకం చూసి, నీకు నడివయసు పిచ్చి బాగానే పట్టిందే అన్నట్టు ఒక మాట విసురుతుంది. అతను లోపలికి పోయి అదే టీషర్టును తిరగేసి తొడుక్కొస్తాడు. మెడ వెనక లేబుల్ బయటికి వచ్చేస్తుంది. షార్లెట్ దాన్ని కత్తిరించేస్తుంది. 2003లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్'లో కథకు అంతగా పనిలేని చిన్న ముచ్చట ఇది. తీసేసినా సినిమాకు ఏమీ కాదు. కానీ బట్టల విషయంలో ఆ సినిమా దర్శకురాలు సోఫియా కొప్పోలా ఆలోచన ఏమిటో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ఇదే.

ఎందుకంటే, ఈ సీను రాసి తీసే నాటికి ఆమెకు సొంత బట్టల కంపెనీ ఉంది. ఆ బట్టల మెడ వెనక ఆమె కంపెనీ లేబులే ఉండేది.

సోఫియా ఫొటోలు ఓ ఇరవై వరసగా పెట్టుకుని చూస్తే, అన్నీ ఒకే రోజు తీశారేమో అనిపిస్తుంది. ముదురు నీలం స్వెట్టర్, లేకపోతే సన్న గీతల కాలర్ చొక్కా. నల్ల ప్యాంటు. కాలికి మడమ ఎత్తు లేని జోడు. నగలు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. ఫ్యాషన్ పత్రికలు మూడు దశాబ్దాలుగా ఈ సాదా వేషాన్నే మెచ్చుకుంటున్నాయి. ఆమెకు బాగా ఇష్టమని పేరుపడ్డ చొక్కాలు పారిస్‌లోని షార్వే కొట్టువి. 1838 నుంచి నడుస్తున్న కొట్టు అది, ప్లాస్ వాన్‌దోమ్‌లో ఉంటుంది, మగవాళ్ల చొక్కాలకు ప్రసిద్ధి. లోపల గుడ్డల తానులు గుట్టలుగా పేర్చి ఉంటాయి. తెలుపులోనే వందల రకాలు చూపిస్తారు. తాను ఎంచుకుని కొలతలిస్తే కాలరు, మణికట్టు, గుండీలు మన ఇష్టప్రకారం కుట్టిస్తారు. అంటే ఆ సాదాతనానికి ఖర్చు సాదాగా ఏమీ ఉండదు. పేదరికంలో పుట్టిన నిరాడంబరత కాదిది. కావలసినన్ని రకాలు చూసేశాక ఇక ఇది చాలు అనుకున్న మనిషి తీరు.

ఇందులో పని సౌలభ్యం కూడా ఉంది. షూటింగంటే తెల్లవారుజామున మొదలై పద్నాలుగు గంటలు నిలబడే పని. పొద్దున్నే ఏం వేసుకోవాలన్న టెన్షన్ ఒకటి తగ్గితే డైరెక్టర్‌కు అదే పదివేలు. మన దగ్గర డైరెక్టరనగానే తెల్ల టోపీ, నల్లకళ్లద్దాలు గుర్తొచ్చిన కాలం ఒకటుండేది. సెట్లో ఎవరు పెద్దో దూరం నుంచే తెలియాలన్నది ఆ వేషం ఉద్దేశం. సోఫియా వేషం దానికి సరిగ్గా ఎదురు. సెట్లో ఆమెను వెతుక్కోవాలి.

కనిపించకుండా ఉండాలన్న ఈ కోరికకు ఒక పాత గాయం కారణమై ఉండొచ్చు. 1971లో పుట్టిన సోఫియా, 'గాడ్‌ఫాదర్' దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా కూతురు. ఆ సినిమాలో బాప్తిస్మం సీనులో కనిపించే పసిబిడ్డ ఆమే. వారసత్వం అంటే ఏమిటో తెలుగు ప్రేక్షకులకు విడమరిచి చెప్పక్కర్లేదు కదా. 1990లో వచ్చిన మూడో భాగంలో వినోనా రైడర్ చివరి నిమిషంలో తప్పుకోవడంతో తండ్రి ఆ పాత్ర కూతురికి ఇచ్చాడు. ఫలితం ఘోరం. విమర్శకులు ఆమె నటనను, మాటతీరును, ముఖాన్ని కూడా వదల్లేదు. చెత్త నటనకిచ్చే 'రాజ్జీ' అవార్డులు రెండు అంటగట్టారు. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. కెమెరా ముందు నిలబడ్డ అమ్మాయిని లోకం ఎలా చూస్తుందో, ఎంత తేలిగ్గా తూకం వేస్తుందో ఆ వయసులోనే తెలిసొచ్చింది. ఆ తర్వాత తీసిన సినిమాలన్నిటిలోనూ చూడబడే అమ్మాయిలే ఉన్నారు.

బట్టల పని మాత్రం అంతకు ముందే మొదలైంది. పదిహేనేళ్లప్పుడు పారిస్‌లో షనెల్ ఫ్యాషన్ సంస్థలో ఇంటర్న్‌గా చేరింది. డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఆ సంస్థను మళ్లీ నిలబెడుతున్న రోజులవి. 1989లో 'న్యూయార్క్ స్టోరీస్' కోసం తండ్రి తీసిన భాగానికి ఆయనతో కలిసి కథ రాసింది, బట్టలు కూడా తనే డిజైన్ చేసింది. కాలిఫోర్నియాలో చిత్రలేఖనం చదవడానికి చేరి మధ్యలో వదిలేసింది. రాత, బొమ్మ, ఫొటో, బట్టలు... అన్నిట్లోనూ వేలు పెట్టి ఏదీ తేలని అమ్మాయి అన్నట్టుగానే ఉండేది ఆ రోజుల్లో.

1992లో న్యూయార్క్‌లో మార్క్ జేకబ్స్ అనే యువ డిజైనర్, పెర్రీ ఎలిస్ కంపెనీ కోసం ఒక షో చేశాడు. రాక్ బ్యాండ్ల కుర్రాళ్లు పాత బట్టల కొట్లలో కొనుక్కునే గళ్ల చొక్కాలు, పూల గౌన్లు, ఊలు టోపీల్లాంటివే పట్టులోనూ ఖరీదైన గుడ్డలోనూ కుట్టించి ర్యాంపు మీద నడిపించాడు. పెద్ద పత్రికలకు నచ్చలేదు. అతని ఉద్యోగం పోయింది. అదే కాలంలో సోఫియాకు అతనితో స్నేహం కుదిరింది. ఇంకోవైపు సోనిక్ యూత్ బ్యాండ్ గాయని కిమ్ గోర్డన్, డేజీ వాన్ ఫర్త్ కలిసి ఎక్స్-గర్ల్ పేరుతో బట్టలు మొదలుపెట్టారు. వాటికి 1994లో న్యూయార్క్ సోహో పేటలో నడివీధిలోనే షో పెట్టించింది సోఫియా, దర్శకుడు స్పైక్ జోన్స్. హాలు లేదు, అనుమతుల గొడవ లేదు, రోడ్డే ర్యాంపు. అది ఫ్యాషన్ వారం కాబట్టి పెద్ద షోలకని వచ్చినవాళ్లు దీన్నీ నిలబడి చూశారు. ఖర్చు లేకుండా జనాన్ని ఎలా పోగేయాలో ఆమెకు అప్పుడే తెలుసన్నమాట.

ఆ రోజుల్లోనే స్నేహితురాలితో కలిసి మిల్క్ ఫెడ్ అనే బ్రాండ్ పెట్టింది. పొట్టి టీషర్టులు, చిన్న గౌన్లు. అమెరికాలో కంటే జపాన్‌లో ఎక్కువ అమ్ముడుపోయాయి. ఇప్పటికీ అక్కడ నడుస్తూనే ఉంది. ఫ్యాషన్ తన సినిమాకు ఏమిచ్చిందని సోఫియాను ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మొదటి జవాబు ఇదే: టోక్యో ఇచ్చింది. ఆ వ్యాపారం పని మీద ఇరవైల వయసులో టోక్యో వెళ్లొస్తూ ఉండేది. రాత్రి నిద్రపట్టక హోటల్ కిటికీలోంచి ఊరి దీపాలు చూడటం, భాష రాని చోట స్నేహితుల వెంట పాటల బార్లకు పోవడం, అన్నీ అక్కడ ఒంటబట్టినవే. డ్యూన్ అనే పత్రిక నడిపిన స్నేహితుడు హయాషి, చార్లీ బ్రౌన్ పేరుతో 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్'లో కనిపిస్తాడు కూడా. ఇరవై ఏడు రోజుల్లో, దాదాపు 40 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా ఆమెకు స్క్రీన్‌ప్లే ఆస్కార్ తెచ్చింది. ఉత్తమ దర్శకత్వానికి నామినేషన్ దక్కిన మొదటి అమెరికన్ మహిళ ఆమే. టీషర్టులు అమ్మడానికి వెళ్లకపోతే ఆ సినిమా లేదు.

అందులో బాబ్ విస్కీ ప్రకటన కోసం టోక్యో వస్తాడు. ఫ్రాన్సిస్ కొప్పోలా కూడా 1980 ప్రాంతంలో జపాన్ దర్శకుడు కురొసావాతో కలిసి అదే సంతోరి కంపెనీ విస్కీ ప్రకటనలో నటించాడు. ఇంటి విషయాన్ని ఇలా వాడుకోవడం బాగుంది. షూటింగ్ అయ్యాక బాబ్ అదే సూటుతో బార్‌కు వస్తాడు. ముందు నుంచి చూస్తే కొలత తీసి కుట్టినట్టుంటుంది. వెనక చూస్తే కోటు వదులు కనబడకుండా పట్టి ఉంచిన క్లిప్పులు అలాగే ఉన్నాయి. ఫ్యాషన్ ఫొటో తీసే చోట ఒక్కసారి నిలబడ్డవాళ్లకు ఈ క్లిప్పులు తెలుసు. పత్రికలో చూసే పాఠకులకు తెలియవు. సోఫియా కెమెరా వెనక నుంచీ చూసింది కాబట్టే ఆ సీను పుట్టింది.

ఇక అసలు విషయం. ఆమె సినిమాల్లో బట్టలు అందంగా ఉంటాయని అందరూ అంటారు, నిజమే. కానీ ఆ బట్టలు ఎవరు తొడుగుతున్నారన్నది చూడాలి. సొంతంగా ఎంచుకుని వేసుకునే అమ్మాయిలు ఆమె కథల్లో అరుదు. మొదటి సినిమా 'ది వర్జిన్ సూసైడ్స్'లో నలుగురు అక్కచెల్లెళ్లకు స్కూలు డాన్సు కోసం గౌన్లు కుట్టాలి. తల్లి కొలతల్లో ఛాతీ దగ్గర ఒక అంగుళం, నడుము దగ్గరా అంచు దగ్గరా రెండంగుళాలు కలుపుతుంది. తీరా వేసుకుంటే నాలుగూ ఒకే తీరు పూల సంచులు. టైలర్ దగ్గర నిలబడి 'పెరిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టు బాబూ' అని అమ్మ అన్నప్పుడు నేల చూసిన ప్రతి ఆడపిల్లకూ ఈ రెండంగుళాల సంగతి తెలుసు. ఆ సంచి కింద లక్స్ అనే పిల్ల లోదుస్తుల మీద తనకు నచ్చిన అబ్బాయి పేరు రాసుకుంటుంది. కెమెరా ఎక్స్‌రేలా గౌను దాటి ఆ పేరు చూపిస్తుంది. పైన కనిపించేది అమ్మది, లోపల రాసుకున్నది తనది.

2006లో వచ్చిన 'మేరీ ఆంటోనెట్' ఇదే సంగతిని రాజభవనం కొలతకు పెంచింది. 1770లో పద్నాలుగేళ్ల ఆస్ట్రియా రాకుమారిని ఫ్రాన్స్‌కు అప్పగించే సీను ఉంది. సరిహద్దులో ఒక గుడారం. ఇటు నుంచి ఆస్ట్రియా పిల్లగా లోపలికి వెళ్లాలి, అటు నుంచి ఫ్రాన్స్ కోడలిగా బయటికి రావాలి. పుట్టింటి నూలుపోగు కూడా ఒంటి మీద ఉండకూడదని అన్నీ విప్పించేస్తారు. చేతిలో ఉన్న చిన్న కుక్కపిల్లనూ లాగేసుకుంటారు. మన పెళ్లిళ్లలో అత్తవారు పెట్టిన చీర కట్టించడం మురిపెంగా జరిగే తంతు. ఇక్కడ అది తనిఖీలా ఉంటుంది. తర్వాత వెర్సాయ్ రాజభవనంలో తెల్లారగానే ఇంకో తంతు. రాకుమారికి లోపలి అంగీ అందించే హక్కు గదిలో అందరికంటే పెద్ద హోదా గల స్త్రీది. ఒకరు అందించబోతే అంతకంటే పెద్దావిడ వస్తుంది. మళ్లీ చేతులు మారాలి. ఈలోగా పిల్ల చలిలో నగ్నంగా నిలబడి ఉంటుంది. ఇదంతా హాస్యాస్పదం అని ఆమె అంటే, ఇదే వెర్సాయ్ అని జవాబొస్తుంది.

ఆ సినిమా బట్టలు మిలేనా కనోనెరో చేసింది, ఆస్కార్ అందుకుంది. రంగులు ఎలా ఉండాలో చెప్పడానికి సోఫియా ఆమెకు లాదురే కొట్టు మాకరూన్ల డబ్బా ఇచ్చిన కథ చాలామంది రాశారు. లేత గులాబీ, పిస్తా, నిమ్మ, లావెండర్. పుస్తకాల కొద్దీ పరిశోధన బదులు ఒక మిఠాయి డబ్బా. బట్టల పనివాళ్లతో మాట్లాడటం తెలిసిన మనిషి కనుకే ఇలా చెప్పగలిగింది. చెప్పులు మనోలో బ్లానిక్ చేశాడు. వాటి మధ్యలో ఈ కాలపు కాన్వర్స్ బూట్లు ఒక జత పడేసి ఉంటాయి, కళ్లు మూసి తెరిచేలోగా పోతాయి. పొరపాటున దొర్లినవని అనుకున్నవాళ్లున్నారు. కావాలనే పెట్టారు: ఈ రాణి నిజానికి ఇంకా టీనేజ్ పిల్లేనని గుర్తుచేయడానికి. కేన్స్‌లో కొందరు ఈలలేసి ఎగతాళి చేశారు. విప్లవం ఎక్కడ, ఆకలి ఎక్కడ అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ రాణి కిటికీలోంచి కనబడనిది సినిమాలోనూ కనబడకూడదన్నది దర్శకురాలి లెక్క. ఆ లెక్క ఒప్పుకుంటే సినిమా నిలుస్తుంది, లేకపోతే మూడు గంటల మిఠాయి కొట్టులా అనిపించక మానదు, నిడివి రెండు గంటలే అయినా.

సినిమా రెండో సగంలో రాణి పెతీ త్రియనోన్ తోటలో పట్టు వదిలి తెల్లటి పల్చటి నూలు గౌన్లలో తిరుగుతుంది. ఇది చరిత్రే. 1783లో అలాంటి గౌనులో ఉన్న రాణి చిత్రపటాన్ని చిత్రకారిణి విజే లెబ్రన్ ప్రదర్శనకు పెడితే, లోపలి అంగీతో రాణిని చూపిస్తారా అని గొడవై దించేయాల్సి వచ్చింది. తర్వాత పట్టు గౌనుతో ఇంకో పటం గీసింది. ఆ గొడవలో మన ప్రాంతపు దారం కూడా ఒకటుంది. నూలు అంటే ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చాలావరకు హిందూదేశం సరుకు. ఫ్రెంచి కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డల మీద మోజు ఎంతగా పెరిగిందంటే, సొంత నేతగాళ్లు నష్టపోతారని 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తేయలేదు. నూలు కట్టిన రాణి మా పట్టుపరిశ్రమను ముంచేస్తోందన్న తిట్టు వెనక ఇంత కథ ఉంది. సినిమా ఇవేవీ చెప్పదు. గౌను మాత్రం చూపిస్తుంది. బట్ట రాజకీయమవుతుందని దర్శకురాలికి తెలుసు, కానీ ఆ రాజకీయం చెప్పే ఓపిక ఆమెకు లేదు. బలహీనత అంటే ఇదే.

2023లో వచ్చిన 'ప్రిసిల్లా' దగ్గరికొచ్చేసరికి చెయ్యి బాగా తిరిగింది. అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ తన కాబోయే భార్య ప్రిసిల్లాకు బట్టలు ఎంపిక చేసే సీనులో అతను స్నేహితుల మధ్య కూర్చుని ఉంటాడు, ఆమె ఒక్కొక్కటే తొడుక్కుని వచ్చి చూపిస్తుంటుంది. పువ్వుల అచ్చులు నీకు నప్పవు. నీలం బాగుంటుంది. జుట్టు నల్లగా చేయించుకో, కళ్లకు ఇంకాస్త రంగు పెట్టు. ప్రేమగానే చెబుతాడు, అరుపుల్లేవు. చివరికి పురుడు పోసుకోవడానికి ఆసుపత్రికి బయల్దేరే ముందు కూడా ఆమె అద్దం ముందు నిలబడి దొంగ కనురెప్పల వెంట్రుకలు అతికించుకుంటుంది. ఆ ఒక్క సీను చాలు. ఇల్లు వదిలే రోజులొచ్చేసరికి జుట్టు సొంత రంగుకు వస్తుంది. అచ్చుల బట్టలు, జీన్స్ కనబడతాయి. ఎవరూ ఏమీ అనరు, బట్టలే చెప్పేస్తాయి. స్టేసీ బాటట్ 2010లో వచ్చిన 'సమ్‌వేర్' నుంచి సోఫియాకు కాస్ట్యూమ్ డిజైనర్. ఈ సినిమాలో ఆ ఇద్దరి మధ్య కుదిరిన అర్థం తెలిసిపోతుంది.

అయితే ఇక్కడే ఒక ముడి ఉంది. ప్రిసిల్లా పెళ్లి గౌను షనెల్ చేసిచ్చింది. ఎల్విస్ బట్టలు కొన్ని వలెంతీనో చేసిచ్చింది. ఆడపిల్లను బొమ్మలా అలంకరించడం మీద సినిమా తీస్తూ, ఆ అలంకారమే వ్యాపారంగా బతికే కంపెనీల చేత గౌను కుట్టించుకోవడం. ఇది ఇవాళ్టిది కాదు. 2000ల మొదట్లో జేకబ్స్ సెంటు ప్రకటనకు యూర్గెన్ టెలర్ తీసిన ఫొటోల్లో మోడల్ సోఫియానే. 2009లో జేకబ్స్ లూయీ విట్టాన్‌లో ఉన్నప్పుడు ఆమె పేరు పొడి అక్షరాలతో ఎస్‌సీ అనే హ్యాండ్‌బ్యాగు వచ్చింది. డియోర్ సెంటుకు, హెచ్ అండ్ ఎమ్ కోసం మార్నీ చేసిన బట్టలకు, కాల్విన్ క్లైన్‌కు, కార్తియే గడియారానికి ప్రకటనలు తీసింది. 2016లో రోమ్ ఒపెరాలో 'లా త్రావియాతా' నడిపిస్తే బట్టలు వలెంతీనో గరవానీవి. ఈ జాబితా ఇంకా పొడుగుంది, వదిలేద్దాం.

'ది బ్లింగ్ రింగ్'లో ఈ ముడి గట్టిగా బిగిసింది. లాస్ ఏంజెలెస్‌లో కొందరు టీనేజర్లు సినిమావాళ్ల ఇళ్లలో దూరి చెప్పులు, సంచులు, గౌన్లు ఎత్తుకుపోయిన నిజమైన కేసు అది. దొంగలు పడ్డవాళ్లలో ఒకరైన పారిస్ హిల్టన్ తన సొంత ఇంట్లోనే షూటింగ్‌కు ఒప్పుకుంది. అంటే దోచిన అల్మారా, సినిమాలో కనిపించే అల్మారా ఒకటే. ఆ చెప్పుల వరసల మీద కెమెరా నెమ్మదిగా కదులుతుంటే వెక్కిరిస్తోందో మురిసిపోతోందో తేల్చుకోలేం. ఆ సందిగ్ధం కావాలని చేసిందే అన్న వాదన ఉంది. ఆమె మిగతా సినిమాల్లో సందిగ్ధం నొప్పితో ఉంటుంది, ఇందులో నొప్పి పలచబడింది. ఈ పిల్లలకు బట్టలు తొడిగేవాళ్లు తల్లీ కాదు, భర్తా కాదు, బ్రాండ్లు. బ్రాండ్ల మీద ఆమెకు కోపం రాలేదు. స్నేహితుల మీద కోపం తెచ్చుకోవడం ఎవరికైనా కష్టమే.

స్నేహం అన్న మాట వాడింది అందుకే. ఫ్యాషన్ పత్రికలు ఆమెను మార్క్ జేకబ్స్‌కు 'మ్యూజ్' అని రాస్తాయి. ఎదురుగా ఊరికే కూర్చుంటే కళాకారుడికి ఊహ పుట్టించే స్త్రీ అన్నమాట. ఆస్కార్ తీసుకున్న మనిషికి ఈ బిరుదు కాస్త చిన్నదే. లెక్క తిరగేసి చూస్తే బాగుంటుంది: 2025లో ఆమె అతని మీద డాక్యుమెంటరీ తీసి వెనిస్ సినిమా పండగలో చూపించింది. ఆమె ఫొటోతో అతను సెంటు అమ్మాడు. ఇరవై ఏళ్లు దాటాక ఆమె కెమెరా ముందు అతను కూర్చున్నాడు.

షనెల్‌తో బంధం కూడా అలాగే తిరిగింది. 2019 ఫిబ్రవరిలో లాగర్‌ఫెల్డ్ చనిపోయాడు. ఆ డిసెంబరులో పారిస్ గ్రాన్ పాలేలో జరిగిన షోకు సెట్ వేయడంలో, ఆయన స్థానంలోకి వచ్చిన డిజైనర్ వర్జినీ వియార్‌తో కలిసి పనిచేసింది సోఫియా. వేసిన సెట్ ర్యూ కాంబోన్‌లోని షనెల్ పాత ఇల్లు, అందులోని అద్దాల మెట్లు. ఆ సంస్థను స్థాపించిన కోకో షనెల్ తన షోలు జరుగుతున్నప్పుడు కింద గదిలోకి వచ్చేది కాదు. ఆ మెట్ల పైన కూర్చునేది. చుట్టూ పలకలు పలకలుగా అద్దాలు కాబట్టి కింద నడిచే మోడళ్లు, చూసేవాళ్ల ముఖాలు, ఎవరికి ఏ గౌను నచ్చిందో ఎవరు మొహం తిప్పుకున్నారో, అన్నీ ఆమెకు కనబడేవి. కింద కూర్చున్నవాళ్లకు మాత్రం ఆమె కనబడేది కాదు.